విషము – వంశము



పోయిన నెల యీ పుటలో వేసవి నీటిని గూర్చి వ్రాసి, ఈ నెల ఊరగాయ జాడీలను గూర్చి ముచ్చటింతునని మాట యిచ్చియుంటిని. ఆ మాట నిలుపుకొనలేకపోయినందులకు మన్నింపవలెను. నడుమ నొక జాబు వచ్చినది. దానిని జదివిన పిదప మనసు జాడీల మీదికి బోలేదు. జాడీల సంగతి యొక నెల యాగినను నష్టము లేదు. ఈ జాబునకు బ్రత్యుత్తర మాలసించినచో నొక యాడుపిల్ల బ్రతుకునకు నష్టము కలుగవచ్చును.

జాబు వ్రాసిన సోదరి పేరుగాని యూరుగాని యిచట జెప్పను. ఆమె భర్త పురుగుమందులు తయారగు నొక కర్మాగారమున బదునాలుగేండ్లనుండి పని చేయుచున్నారు. పొడిమందును గలుపుట, సంచుల కెత్తుట యాయన పని. కొంతకాలము క్రిందట పరిశోధకులు కొందఱు వచ్చి, అచటి పనివాండ్ర రక్తమును గొంచెము తీసికొని, బుగ్గలోపలి పొరను మెల్లగ గీకి, ఆ నమూనాలను బట్టుకొనిపోయిరట. మందు తాకని వారితో బోల్చి చూడగా, ఈ పనివాండ్ర కణములలో జన్యువులకు గలిగిన హాని యెక్కువగ నున్నదని తేలినదట. ఆ మాట కర్మాగారపు గోడ దాటి వీధికి వచ్చినది. వీధినుండి బంధువుల యిండ్లకు బోయినది. పోవుచు బోవుచు రూపు మార్చుకొన్నది. "జన్యువులకు హాని" యన్నది "వంశములో విషము" అయి కూర్చున్నది.

ఆమె కూతునకు ఇరువదియేండ్లు. నిశ్చయతాంబూలములు పుచ్చుకొన్న సంబంధమట. పెండ్లికొడుకు తల్లి కబురు పంపినదట: "మీ రక్తములోనే మందున్నదట గదా, రేపు మా యింట నెట్టి పిల్లలు పుట్టుదురో!" అని. సంబంధ మిప్పుడు కొక్కెమున వ్రేలాడుచున్నది. ఇంకొక బాధ. భర్త ఆ పనిలో జేరిన మూడవ యేట నొకసారి, అయిదవ యేట నొకసారి యామెకు గర్భము నిలువలేదు. నాటినుండి నేటివఱకు అత్తగారు "నీ కడుపు మంచిది కాదు" అని యన్న మాట యామె చెవిలోనే యున్నదట. జాబు చివర నామె యిట్లు వ్రాసినది: "అక్కయ్యగారూ, నా కూతురు చెడ్డ రక్తముదా? నా కడుపు చెడ్డదా? ఆయన పని మానిన మేమెట్లు బ్రతుకుదుము? మూడింటికి నిజము చెప్పుడు. ఓదార్పు వలదు."

ఓదార్పు వలదన్నది గావున నిజమే చెప్పవలెను. నేను వైద్యురాలను గాను. మావారు పనిచేయు బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పు పంతులుగారిని నడిగి పుస్తకములు తెప్పించుకొని, తెలియని చోట మరల మరల నడిగి తెలిసికొంటిని. తెలిసినంత మేరకు వ్రాయుచున్నాను.

మొదట జన్యువన నేమో చూతము. మా తండ్రిగారు నాకు జదువు ఇంటనే చెప్పిరి. మా తాతగారినాటి తాటియాకుల కట్ట యొకటి మా యింట నుండెడిది. దానిని చూపుచు నాయన యొకమాట యనెడివారు: "గ్రంథము చెడుట కగ్నియే యక్కఱలేదమ్మా. లేఖకుడొక యక్షరము తప్పు వ్రాసినను జాలును. 'కరము' అనుచోట 'గరము' అని వ్రాసినచో, చేయి కాస్త విష మగును." మన దేహమును గూడ నట్టి గ్రంథములు నడిపించుచున్నవి. ఇంచుమించు ప్రతి కణములోను నలువదియాఱు క్రోమోజోము లున్నవి. అందు ఇరువదిమూడు తండ్రినుండి, ఇరువదిమూడు తల్లినుండి వచ్చినవి. ఈ క్రోమోజోములు గ్రంథములైనచో, జన్యువులు వానిలోని వాక్యములు. ఏ కణము ఎట్లు పెరుగవలెనో, ఎప్పు డాగవలెనో, ఏ పని చేయవలెనో ఆ వాక్యములే చెప్పును. కణము రెండుగ జీలునపుడెల్ల గ్రంథమంతయు మరల వ్రాయబడవలెను.

వ్రాతలో దప్పులు దొరలుట సహజము. ఎండవలనను, పొగాకు పొగవలనను, దేహములో జరుగు మార్పులవలనను గూడ నక్షరములు చెడుచుండును. అందులకే ప్రకృతి ప్రతి కణమునందు బరిష్కర్తలను గూడ నుంచినది. వారు తెగిన తాళపత్రమును గుట్టుచు, చెడిన యక్షరమును దిద్దుచు నహర్నిశము పని చేయుదురు. దిద్దలేనంత చెడినచో ఆ కణము తనంత తాను నశించును. ఇదియు మేలే. తప్పు దిద్దబడక, కణము నశింపక, ఆ తప్పుతోనే మరల మరల ప్రతులు పుట్టినపుడు భయము. క్యాన్సరు మొదలగు వ్యాధులకు మూలము తఱచుగ నక్కడనే యుండును.

పురుగుమందులలో గొన్ని యీ గ్రంథమును నేరుగ దాకును. మఱికొన్ని కణములలో దహించు స్వభావముగల యణువులను బుట్టించి, వానిచేత గ్రంథమును దెగగొట్టించును. అన్ని మందులు నొక్కటి గావు; అన్నిటి బలము నొక్కటి గాదు. కాని పనివాడు ఒక్క మందునే తాకునా? నేడొకటి, రేపొకటి, ఒక్కొక్కపుడు రెండు మూడు కలిపి. అందుచేతనే యేది యెంత చేసినదో విడదీసి చెప్పుట కష్టము.

మందు తగిలి యొకడు పొలములోనే కూలబడినచో నందఱకు దెలియును. చెమటలు పట్టుట, చొంగ కారుట, కనుపాప ముడుచుకొనుట, కండలు వణకుట – ఇవి వెంటనే కనబడు విషలక్షణములు. ఆసుపత్రికి పరువెత్తుదురు. కాని నేను చెప్పుచున్న హాని యట్టిది గాదు. నొప్పి యుండదు, జ్వర ముండదు. సాయంకాలము ఆయన యింటికి వచ్చి, భోజనము చేసి, పిల్లలతో నవ్వుచునే యుండును. అందుచేత దీనిని గనిపెట్టుటకు బ్రత్యేకపు బరీక్షలు గావలసివచ్చినవి.

వానిలో రెండింటిని గూర్చి చెప్పెదను. మొదటిదానికి "కామెట్" పరీక్షయని పేరు, అనగా దోకచుక్క. రక్తములోని కణములను జిగురువంటి పదార్థములో నిలిపి, విద్యుత్తును బ్రసరింపజేయుదురు. గ్రంథము తెగక నిండుగ నున్నచో కణము గుండ్రని చుక్కవలె నుండును. తెగియున్నచో ఆ తునకలు వెనుకకు సాగి తోకవలె గనబడును. తోక యెంత పొడవో హాని యంత. రెండవది బుగ్గలోపలి పొరను గీకి చూచు పరీక్ష. కణము చీలునపుడు క్రోమోజోము తునక యేదైన వెనుకబడిపోయినచో, అది అసలు కేంద్రకముతో గలియక, ప్రక్కన జిన్న కేంద్రకముగ నిలిచిపోవును. తల్లి చేయి విడచి సంతలో దప్పిపోయిన బిడ్డవలె. అట్టివి యెన్ని యున్నవో లెక్కించుదురు. మన సోదరి భర్తకు జేసినవి యివియేయని తలచుచున్నాను.

ఇవి పరదేశపు ముచ్చటలని కొట్టివేయుటకు వీలులేదు. 1987లోనే ఆంధ్రప్రదేశమునందలి ద్రాక్షతోటలలో మందు చల్లువారిని బరీక్షించి, వారి రక్తకణములలో క్రోమోజోముల లోపములు హెచ్చుగ నున్నవని హైదరాబాదు పరిశోధకులు ప్రకటించిరి. పిదప 1989లో బత్తిచేల పనివారిని గూర్చి యట్టిదే చెప్పిరి. 2003లో హైదరాబాదునందలి భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు పురుగుమందుల తయారీలో బనిచేయు 54 మందిని, అంతే సంఖ్యగల యితరులను దోకచుక్క పరీక్షచేత బోల్చిచూచి, పనివారియందు హాని స్పష్టముగ నెక్కువ యని కనుగొనిరి. కావున సోదరీ, మీవారి ఫలితము వింత గాదు. అది మీ యింటికి మాత్రమే పట్టిన శాపము గాదు. ఆ పనికి బట్టిన హాని.

ఇక మీ మొదటి ప్రశ్న. మీ కూతురు చెడ్డ రక్తముదా? కాదు. ఏల కాదో వినుడు. దేహములోని కణములు రెండు తెగలు. రక్తము, చర్మము, బుగ్గపొర మొదలగు కణములు మనతో బుట్టి మనతో బోవును. వానిలోని తప్పు బిడ్డకు సంక్రమింపదు. బిడ్డకు వచ్చునవి బీజకణములు మాత్రమే. పరిశోధకులు చూచినది రక్తకణములను, బుగ్గపొరను. ఆ ఫలితము "ఈ దేహమునకు హానికరమైన దేదో తగులుచున్నది" యని చెప్పు గంటయే కాని, వంశమును గూర్చిన తీర్పు కాదు. ఈ పరీక్షలు గుంపునంతటిని గూర్చి చెప్పును. ఫలానావానికి ఫలానా రోగము వచ్చునని చెప్పజాలవు.

ఇంతకంటె దేటయైన సంగతి యొకటి మీ జాబులోనే యున్నది. మీరు గమనింపలేదు. మీ కూతునకు ఇరువదియేండ్లు. మీవారు కర్మాగారమున జేరి పదునాలుగేండ్లు. ఆ పిల్ల ఆఱేండ్ల బాలయై పలకపట్టుకొని తిరుగునాటికిగాని యాయన యా గడప ద్రొక్కలేదు. తరువాత తాకిన మందు ముందు పుట్టిన బిడ్డ బీజములోనికి వెనుకకు నడచిపోగలదా? ఈ లెక్కకు శాస్త్రము గూడ నక్కఱలేదు, వ్రేళ్లు చాలును.

రెండవ ప్రశ్న కష్టమైనది. మీ కడుపు చెడ్డదా?

1977లో అమెరికాయందలి కాలిఫోర్నియా రాష్ట్రమున లాత్రోప్ అను చోట నొక పురుగుమందుల కర్మాగారములో పనివాండ్రు తమలో దాము మాటలాడుకొనుచు, తమకు బిడ్డలు కలుగకుండుటను గమనించిరి. ఒక్కరి యింట నైనచో విధి యనుకొందుము. ప్రక్కవాని యింటను, ఆ ప్రక్కవాని యింటను అదే యైనపుడు? పరీక్షలు చేయించుకొనగా బలువురి వీర్యములో బీజకణములు మిక్కిలి తక్కువగ నుండెను. కొందఱ కసలే లేకుండెను. నేలలోని పురుగులను జంపుటకు వారు తయారుచేయుచుండిన డి.బి.సి.పి. అను మందే కారణమని తేలినది. 1979లో అమెరికాలో దాని వాడుకను జాలవఱకు నిషేధించిరి. మందునకు దూరమైన పిదప కొందఱు కోలుకొనిరి; కొందఱు కోలుకొనలేదు.

మన దేశమున 1991లో బత్తిచేలలో మందు చల్లు పురుషుల సంసారములను గూర్చి హైదరాబాదు పరిశోధకులు ప్రకటించిన యొక పరిశీలన కలదు. వేయికి బైగా దంపతులను, మందు తాకని మఱి వేయికి బైగా దంపతులతో బోల్చిరి. మందు చల్లినవాడు భర్త. కాని గర్భస్రావములు, చనిపోయి పుట్టిన బిడ్డలు, పుట్టిన కొలదిదినములకే పోయిన బిడ్డలు ఆ యిండ్లలోనే యెక్కువ. అక్కలారా, చెల్లెండ్లారా, ఈ వాక్యమును మరల జదువుడు. మందు తాకినవా డతడు. కడుపు కోత యామెకు. ఊరు వ్రేలు చూపినది మాత్ర మెవరివైపు? "గొడ్రాలు" అను మాటకు మన భాషలో పురుషుని జెప్పు జోడుమాట యెంత యరుదుగ వినబడునో తలచుకొనుడు.

సోదరీ, మీ రెండు గర్భములు మందువలననే పోయినవని నేను చెప్పజాలను. ఏ మందును దాకని యిండ్లలోను ఏడెనిమిది గర్భములలో నొకటి నిలువదు. అందు సగపాలు పిండమునందలి క్రోమోజోముల లెక్క తప్పుటచేతనే యగును. అది యెవ్వరి దోషమును గాదు. కాని యొకటి గట్టిగ జెప్పగలను. "నీ కడుపు మంచిది కాదు" అనుటకు మీ యత్తగారికి నాడును ఆధారము లేదు, నేడును లేదు. మీ కడుపున నొక చక్కని బిడ్డ పుట్టి పెరిగి పెండ్లియీడుకు వచ్చినది. ఈ పుట నామెకు జదివి వినిపింపుడు. పెద్దవారు, ఎదురు చెప్పవలదు. చదివి యూరకుండుడు.

ఇచట నాకొక కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. భాగవతమున బాహుకుడను రాజు రాజ్యము గోల్పోయి యడవిలో మరణించెను. సహగమనమునకు సిద్ధపడిన భార్యను, గర్భవతియని తెలిసి, ఔర్వమహర్షి వారించెను. అది యోర్వలేక సవతు లన్నములో విషము గలిపి పెట్టిరి. గర్భము చెడలేదు. బిడ్డ గరముతో గూడ బుట్టెను. అందుచేతనే సగరు డను పేరు. ఆ సగరుడు చక్రవర్తి యయ్యెను. గంగను దెచ్చిన భగీరథు డావంశమువాడే. శ్రీరామచంద్రుడు నా వంశముననే పుట్టెను. కథ యెవరిని దూషించినది? విషము పెట్టినవారిని. తినిన తల్లిని దూషింపలేదు. పుట్టిన బిడ్డను వెలివేయలేదు. కథ శాస్త్రమునకు బ్రమాణము గాదని నే నెఱుగుదును. కాని తప్పెవరియందు జూడవలెనో మన పెద్ద లెఱిగియుండిరని చెప్పుటకు జాలును.

పెండ్లికొడుకు తల్లిగారూ! మన పత్రిక బహుగృహములకు బోవును. మీ యింటికిని వచ్చుచుండవచ్చును. వచ్చుచున్నచో నొక మాట. మీ రడిగిన ప్రశ్న తప్పు గాదు. మనుమలను గూర్చి తలచని తల్లి యుండదు. కాని యుత్తరము వినకుండ తాంబూలములు త్రిప్పివేయుట తప్పు. అనుమానమున్నచో మీ పిల్లవానిని, ఆ పిల్లను నిద్దఱిని వైద్యునియొద్దకు బంపి విచారింపుడు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జన్యుశాస్త్ర సంస్థ యిట్టి ప్రశ్నలకే యుద్దేశింపబడినది. ఆ పిల్ల తండ్రి పదునాలుగేండ్లు మందు పొడిలో నిలువబడి సంపాదించిన సొమ్ముతో నా పిల్లను జదివించెను. అది యా వంశమునకు మచ్చ గాదు.

మూడవ ప్రశ్న: పని మానవలెనా? నెలజీతముతో గడచు నింటికి "మానుడు" అని దూరమునుండి చెప్పుట సులభము. నే నట్లు చెప్పను. కాని చేయదగినవి కలవు. 1968 నాటి కీటకనాశినుల చట్టము, 1971 నాటి నియమములు మందుల పనివారికి రక్షణవస్త్రములు, నియమితకాలములందు వైద్యపరీక్ష యుండవలెనని విధించినవి. అవి యజమాని దయ గావు, పనివాని హక్కు. మీవారు తమ పరీక్షాఫలితమును వ్రాతమూలకముగ నడుగవలెను. పొడి కలుపు చోటినుండి వేఱొక శాఖకు మార్పుమని యడుగవలెను. ఒంటరిగ నడిగినచో "రేపటినుండి రావలదు" అనవచ్చును. నలువదిమంది కలిసి యడిగినచో నట్లనుట కష్టము. లాత్రోప్ పనివాండ్రకు నిజము తెలిసినదియు దమలో దాము మాటలాడుకొన్నందుననే గదా!

కర్మాగారమున నున్నను, పొలమున నున్నను, మందు తాకువారి యిండ్లలో గృహిణులు చేయదగిన పనులను గొన్నింటిని వ్రాయుచున్నాను.

మందు ముక్కునుండి మాత్రమే పోవునని తలపవలదు. చర్మమునుండియే, ముఖ్యముగ జేతులనుండి, ఎక్కువ పోవును. నోటికి గుడ్డ కట్టుకొని వట్టిచేతులతో మందు గలుపుట, ముందుతలుపు మూసి దొడ్డితలుపు తెఱచుటవంటిది. మందునకు దగిన చేతితొడుగులు కావలెను. తడిసిన గుడ్డ మందును బీల్చి యొంటికే యంటించును గాన వెంటనే విప్పవలెను. మన యెండలలో నిండుదుస్తులు భరింపరానివి. అందుచేత మందు కొట్టుపని తెల్లవాఱుజామున, గాలికి ఎదురునిలువక, చేసికొనవలెను.

ఇల్లు చేరగనే స్నానము. తరువాతనే బిడ్డ నెత్తుకొనుట, తరువాతనే యన్నము. చేతులు కడుగక చుట్ట ముట్టించినచో మందును బొగాకును రెండును గలిసి లోపలికి బోవును. పొగాకు తానొక్కటియే జన్యువులను జెఱుచును. మన కోస్తా పల్లెలలో నడ్డచుట్ట త్రాగు నక్కలకు నిదే మాట.

ఆ బట్టలను బిడ్డల బట్టలతో గలుపరాదు. విడిగ నానబెట్టి, ఒకసారి జాడించి, వేడినీటితో సబ్బు పెట్టి యుదికి, ఎండలో నారవేయవలెను. ఉదుకు నామెకును దొడుగులు కావలెను. కడుపుతో నున్నవారు, పాలిచ్చువారు మందు గలుపుటగాని, ఆ బట్ట లుదుకుటగాని చేయరాదు. మందు చిక్కగ నొలికిన బట్టను ఉదికి పొదుపు చేయవలదు, పాఱవేయుడు.

మందు డబ్బా యెంత చక్కనిదైనను వంటింటికి దేవలదు. 2013 జూలైలో బీహారునందు ఛప్రా ప్రాంతమున బడిపిల్లల మధ్యాహ్న భోజనములో మోనోక్రోటోఫాస్ అను మందు గలిసి ఇరువదిముగ్గురు పసివారు మరణించిరి. వంటనూనె పురుగుమందు డబ్బాలో నుంచుటయే కారణమని చెప్పిరి. బడిపంతులుగారి భార్యనైన నేను ఆ వార్తను మఱవలేదు. ఖాళీ డబ్బాకు బొక్కలు పొడిచినగాని గడప దాటనీయవలదు.

డబ్బాపై వజ్రాకారపు గుర్తు నుండును. అందు ఎఱుపు మిక్కిలి ఘోరమైన విషమునకు, పసుపు దానికి దరువాతిదానికి, నీలము మధ్యమమునకు, ఆకుపచ్చ యల్పమునకు గుర్తులు. కాని యొక హెచ్చరిక: ఆ రంగు వెంటనే చంపు బలమును మాత్రమే చెప్పును, ఏండ్లతరబడి తాకినచో జన్యువులకేమగునో చెప్పదు. ఆకుపచ్చ యని నిర్భయముగ నుండరాదు.

ఆకుకూరలు, పెసలు, శనగలు తఱచుగ బెట్టుడు. గ్రంథమును దిద్దు పరిష్కర్తలకు కావలసిన ఫోలేటు అను విటమిను వానిలో నున్నది. తోటకూర కవచము గాదు. తొడుగులకు మారు గాదు. కాని కవచము తొడిగిన యోధునకు నన్నము పెట్టవలెను గదా.

మందు లన్నియు నేటివఱకు నట్లే నిలిచియున్నవని తలపవలదు. కేరళమునందు గాసరగోడు జీడిమామిడి తోటలపై నేండ్లతరబడి చల్లిన యెండోసల్ఫానును 2011లో మన సుప్రీముకోర్టు నిలిపివేసినది. లిండేను వాడుక మన దేశమున 2013లో నిలిచినది. 2015లో దానిని క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు జెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. ఒకనాడు నిర్భయముగ నమ్మిన మందులే యివి. నిషేధించువఱకు వానిని మోసిన వీపులు ఎవరివో మాత్ర మే కాగితమునను వ్రాయబడలేదు.

ఈ వ్రాత ముగించుటకు ముందు నా తప్పొకటి చెప్పుకొనవలెను. మావారికి స్వగ్రామమున రెండెకరముల మెరక కలదు. ఏటేట నక్కడ మిరపకు మందు కొట్టు నాతడు మా యింటిలో మనిషివంటివాడు. నన్ను "అమ్మగారూ" అనును. పోయిన యేడు నే నక్కడ నుండగా, ఆతడు బకెట్టులో మందు పోసి మోచేతివఱకు ముంచి కలుపుట నా కన్నులతో జూచితిని. "ఎంత చురుకైనవాడు!" అని మెచ్చుకొంటిని. నీళ్లు పోసికొనకముందే "పొద్దెక్కినది, తినుము" అని నేనే యాకు వేసి యన్నము వడ్డించితిని. ఆతడు ఆ చేతితోనే కలుపుకొని తినెను. వెనుక మూడు నెలలకు ఆతని కోడలికి కడుపు పోయినదని తెలిసి, "పాపము, ఏ దిష్టి తగిలినదో" అని చీర యొకటి పంపితిని. ఆమె మామ బట్టలు నామయే యుదుకునని నే నడిగియుంటినా? లేదు. ఆ గర్భము మందువలన బోయినదో లేదో నే నెఱుగను, ఎన్నటికిని నెఱుగను. కాని దిష్టి యని తేల్చివేయుటకు నాకెంత తొందర!

ఈ జాబు వచ్చిన పిదప పట్నమునుండి రెండు జతల తొడుగులు, ఒక పొడవు కఱ్ఱ, ఒక సబ్బుపెట్టె కొని పంపితిని. ఆతడు నవ్వి, "ఇవి తొడుగుకొనిన పని సాగదమ్మగారూ" అన్నాడట. కోడలు మాత్రము రెండవ జత తీసికొని దాచుకొన్నదని కబురు వచ్చినది. పండుగకు బోయినపుడు మొదటి జత సంగతి మరల నడిగెదను. మావారి మాట గూడ దోడైనచో వినకపోడు.

సోదరీ, మీరు మూడింటికి నిజ మడిగితిరి. మీ కూతురు చెడ్డది కాదు. మీ కడుపు చెడ్డది కాదు. మీవారి పని మాత్రము, ఇప్పుడున్న తీరున, చెడ్డది. దానిని మార్చుకొనుటకు బదిమందితో గలిసి యడుగుడు. పెండ్లి కుదిరినచో నాకొక కార్డు వ్రాయుడు. కుదరకపోయినను వ్రాయుడు, వేఱొక మంచి యింటికి దారి చూపు సోదరీమణులు ఈ పత్రికకు లేకపోలేదు.

వచ్చు నెల, తప్పక, జాడీల సంగతి.

మీ సోదరి